కర్మాగారాన్ని ఓడ ఎక్కించవచ్చా?

పిల్లలూ! సంక్రాంతికి ఇంట్లో అరిసెలు వండేటప్పుడు ఎప్పుడైనా పొయ్యి దగ్గర కూర్చుని చూశారా? మూకుట్లో బెల్లం పాకం కుతకుత ఉడుకుతూ ఉంటుంది. అమ్మమ్మ పక్కన గిన్నెలో చన్నీళ్ళు పెట్టుకుని, మధ్యమధ్య పాకం చుక్కను అందులో వేసి వేళ్ళతో నొక్కి చూస్తూ ఉంటుంది. "ఇంకా కాలేదు" అంటుంది. మరో నిమిషానికి మళ్ళీ చూసి "ఆ, దింపండి, పిండి పొయ్యండి!" అని కేక పెడుతుంది. పాకం లేతగా ఉన్నప్పుడు దింపితే అరిసె నూనెలో విచ్చిపోతుంది. ముదిరితే కొరికినవాడి పళ్ళు కదులుతాయి.

ఇప్పుడు అమ్మమ్మ చెప్పిన పద్ధతంతా ఒక కాగితం మీద రాసి, బియ్యప్పిండి, బెల్లం, మూకుడు, అరిసెల చెక్కలు అన్నీ మూటగట్టి, అరిసె మొహం ఎరగని ఏదో దేశానికి పంపామనుకోండి. అక్కడివాళ్ళు మొదటిరోజే మంచి అరిసెలు వండగలరా?

"వండలేరు మాస్టారూ" అంటారు మీరు. సరిగ్గా ఈ చిక్కే కొన్నేళ్ళ కిందట అమెరికాలోని అరిజోనా ఎడారిలో ఒక పెద్ద కర్మాగారానికి ఎదురయింది. అక్కడ వండవలసినవి అరిసెలు కావు, చిప్పులు. మీ ఇంట్లో సెల్‌ఫోనులోను, టీవీలోను, ఆస్పత్రిలోని స్కానింగ్ యంత్రంలోను ఉండే గోరంత సిలికాన్ ముక్కలన్నమాట.

వెయ్యి మెట్ల మేడ

సిలికాన్ అర్ధవాహకమని మీరు చదువుకున్నారు. రాగి లాగా విద్యుత్తును ధారాళంగా పోనివ్వదు, గాజు లాగా పూర్తిగా ఆపెయ్యదు. దానిలో ఇతర మూలకాలను అతి స్వల్పంగా కలిపితే, విద్యుత్తును మన ఇష్టప్రకారం పోనివ్వవచ్చు, ఆపవచ్చు. అలా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే అతి చిన్న తలుపులే ట్రాన్సిస్టర్లు. ఈనాటి గోరంత చిప్పులో ఇలాంటివి వందల కోట్లు ఉంటాయి.

వీటిని విడివిడిగా చేసి అతికించడం సాధ్యం కాదు. 300 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న పల్చటి సిలికాన్ పళ్ళెం తీసుకుంటారు. దీన్ని వేఫర్ అంటారు. దానిమీద పొర వేయడం, కాంతితో బొమ్మ ముద్రించడం, అక్కర్లేనిచోట చెక్కెయ్యడం, కడగడం, మళ్ళీ పొర వేయడం – ఇలా నెలల తరబడి సాగుతుంది. అత్యాధునికమైన చిప్పుకు వెయ్యికి పైగా మెట్లు ఉంటాయి. ముద్రించే కాంతి తరంగదైర్ఘ్యం 13.5 నానోమీటర్లు. మన తల వెంట్రుక మందం సుమారు 80 వేల నానోమీటర్లు ఉంటుంది. పోల్చుకోండి! ఇక్కడ ఒక దుమ్ము కణం పడితే వరినాట్ల మీద బండరాయి దొర్లినట్టే. అందుకే పనివారు తలనుంచి కాలిదాకా ముసుగు దుస్తులు వేసుకుంటారు. పౌడరు రాసుకుని లోపలికి పోవడానికి వీల్లేదు.

ఇక్కడ ఒక చిన్న లెక్క చేద్దాం. ఒక్కొక్క మెట్టులో వెయ్యి చిప్పులకు 999 బాగా వస్తున్నాయనుకోండి. పరీక్షల్లో వెయ్యికి 999 మార్కులు వస్తే మీ నాన్నగారు ఊరంతా చెప్పుకుంటారు! కాని ఇలాంటి మెట్లు వెయ్యి ఉంటే చివరికి ఎన్ని మిగులుతాయి? 0.999ని దానితోనే వెయ్యిసార్లు గుణించాలి. జవాబు సుమారు 0.37. అంటే నూటికి 37 చిప్పులే పనికొస్తాయి, మిగతా 63 చెత్తబుట్టకు. అదే ఒక్కో మెట్టులో పదివేలకు 9,999 బాగుంటే, చివరికి నూటికి 90 మిగులుతాయి. 999కీ 999.9కీ తేడా ఎంతో చూశారా? కర్మాగారం లాభపడడం, దివాలా తీయడం ఆ తేడాలోనే ఉంది. ఆ కాస్త తేడాను రాబట్టేది యంత్రం ఒక్కటే కాదు. దాని చప్పుడు మారితే గుర్తుపట్టే చెవి, ఏ కవాటం ఎంత తిప్పాలో ఎరిగిన చెయ్యి కూడా.

నేను పాఠశాల ప్రయోగశాలలో ఎన్నో ఏళ్ళు పిల్లలకు గాజు గొట్టం వంచడం నేర్పాను. పుస్తకంలో నాలుగు వాక్యాలే ఉంటాయి: సారాయి దీపం మీద పెట్టి తిప్పుతూ వేడిచేయండి, మెత్తబడగానే మెల్లగా వంచండి. ఆ "మెత్తబడగానే" అన్నమాట నేర్చుకోవడానికి ఒక్కొక్కరు మూడు గొట్టాలు విరగ్గొట్టేవారు. ఒక పాఠశాలలో గొట్టాలు విరుగుతున్నాయని ఆ ప్రయోగమే మాన్పించారు. ఆ ఏడు గొట్టాలు విరగలేదు, నిజమే. ఒక్కరికి కూడా వంచడం రాలేదు!

ఎడారికి వచ్చిన అతిథి

ఇప్పుడు తైవాన్ వెళదాం. మన కేరళ కన్నా కొంచెం చిన్న ద్వీపమిది. ఇక్కడ 1987లో మోరిస్ చాంగ్ అనే ఇంజనీరు తైవాన్ సెమీకండక్టర్ మాన్యుఫాక్చరింగ్ కంపెనీని స్థాపించాడు. పొట్టిగా టి.ఎస్.ఎం.సి. అంటారు. తాను చిప్పులు గీయదు, ఇతరులు గీసిచ్చిన చిప్పులను తయారుచేసి ఇస్తుంది. దర్జీ అన్నమాట, గుడ్డ, కొలతలు మీవి, కుట్టు అతనిది. ముప్ఫై ఏళ్ళు గడిచేసరికి ప్రపంచంలోని అత్యాధునికమైన చిప్పుల్లో చాలా భాగం ఈ ఒక్క దర్జీ దుకాణం నుంచే వచ్చే స్థితి ఏర్పడింది.

దీంతో అమెరికాకు దిగులు పట్టుకుంది. తైవాన్‌లో భూకంపాలెక్కువ. పొరుగున ఉన్న చైనా ఆ ద్వీపం తనదేనంటుంది. రేపు ఓడలు ఆగిపోతే? 2021లో చిప్పులు చాలక అమెరికాలో కార్ల ఫ్యాక్టరీలు కొన్ని రోజులు మూతపడ్డాయి కూడా. ఆ కొరతకు ముందే, 2020 మే నెలలో, టి.ఎస్.ఎం.సి. అరిజోనాలోని ఫీనిక్స్ నగరం పక్కన కర్మాగారం కడతామని ప్రకటించింది. ఖర్చు 1,200 కోట్ల డాలర్లు. 2021లో పని మొదలయింది. 2022 డిసెంబరులో మొదటి యంత్రాలు వచ్చినప్పుడు అమెరికా అధ్యక్షుడు జో బైడెన్ స్వయంగా వచ్చాడు. రెండో కర్మాగారం కూడా కడతామని, ఖర్చు 4,000 కోట్ల డాలర్లకు పెంచుతున్నామని సంస్థ చెప్పింది.

ఐతే 2023 జూలైలో అదే సంస్థ మరో మాట చెప్పవలసి వచ్చింది. 2024లో మొదలు కావలసిన ఉత్పత్తి 2025కు వాయిదా పడిందని. ఎందుకు? ఇలాంటి కర్మాగారంలో యంత్రాలు బిగించడం తెలిసిన పనివారు చాలినంతమంది దొరకడం లేదట. తైవాన్ నుంచి అనుభవజ్ఞులను కొంతకాలానికి రప్పిస్తామంది.

ఇంకేం, గొడవ మొదలయింది.

పైపు అతికే చెయ్యి ఎవరిది?

చిప్పుల ఫ్యాక్టరీ భవనం చూడ్డానికి పెద్ద గోదాములా ఉంటుంది. కాని లోపల మనిషి శరీరంలోని రక్తనాళాల్లా పైపులు. అతి శుద్ధమైన నీరు, నైట్రోజన్, ఆమ్లాలు, పీలిస్తే ప్రాణం తీసే వాయువులు, ఒక్కొక్కదానికీ వేరే పైపు. అతుకు లోపలివైపు చిన్న గరుకు మిగిలినా అక్కడ మురికి చేరి, నెలల తరువాత వేఫర్ల మీద తేలుతుంది. తైవాన్‌లో ఈ పనిచేసే ముఠాలు ఒక ఫ్యాక్టరీ ముగించి ఇంకొక ఫ్యాక్టరీకి పోతూ ఉంటారు. నమూనా పటాల్లో రాయని సంగతులు కూడా వాళ్ళకు తెలుసు. పని మధ్యలో పటం మార్చినా సర్దుకుపోతారు.

అరిజోనాలో అలా కుదరలేదు. అక్కడి పైపుల పనివారికి పని రాదని కాదు సుమా! ఇంటెల్ సంస్థ 1980 ప్రాంతం నుంచి ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో చిప్పులు చేస్తూనే ఉంది. అసలు చిప్పు పుట్టిందే అమెరికాలో. కాని సరిగ్గా అదే సమయంలో ఇంటెల్ కూడా చాండ్లర్‌లో రెండు కొత్త ఫ్యాక్టరీలు కడుతోంది. ఒకే ఊళ్ళో రెండు పెళ్ళిళ్ళు ఒకే ముహూర్తానికి పెడితే వంటవాళ్ళు దొరుకుతారా? పైగా పద్ధతులు వేరు. అమెరికాలో ప్రతి పనికి ముందు అనుమతి కాగితం, తనిఖీ ఉండాలి. పటం మారితే మళ్ళీ మొదటినుంచి. ఇంత పెద్ద చిప్పుల ఫ్యాక్టరీకి ఏ నిబంధన వర్తిస్తుందో ముందు తేల్చుకోవలసి వచ్చింది. సంస్థ అధిపతి సి.సి. వెయ్ 2025 జనవరిలో తైవాన్‌లో మాట్లాడుతూ, ఇందుకోసం తాము 18,000 నిబంధనలు రాయించుకున్నామని, దానికే మూడున్నర కోట్ల డాలర్లు ఖర్చయిందని చెప్పాడు.

అరిజోనా నిర్మాణ కార్మికుల సంఘాల మాట వేరుగా ఉంది. "మాలో నేర్పుగల వాళ్ళున్నారు. కొరత అనే పేరుతో తక్కువ జీతానికి పైదేశంవాళ్ళను తెస్తారేమో. పని జరిగేచోట భద్రత సరిగా లేదు" అన్నారు. తైవాన్ పనివారికి వీసాలు ఇవ్వవద్దని తమ ప్రతినిధులను కోరారు. ఈ ఫ్యాక్టరీకి అమెరికా ప్రభుత్వ ధనం ఇవ్వబోతున్నారు గనుక ఆ ధనంతో దొరికే పని స్థానికులకే రావాలన్నది వారి వాదం. ఇందులో న్యాయం లేదని నేననను. ఆ ఎండ సంగతి చూడండి: 2023లో ఫీనిక్స్‌లో వరుసగా 31 రోజులు 43 డిగ్రీల సెల్సియస్ దాటింది. రెంటచింతల, రామగుండం పిల్లలకు ఆ ఎండంటే ఏమిటో నేను చెప్పనక్కర్లేదు. అందులో క్రేనెక్కి పనిచేసేవాడు భద్రత గురించి అడిగితే అది సోమరితనం కాదు.

చివరకు 2023 డిసెంబరులో ఉభయులూ ఒక ఒప్పందానికి వచ్చారు. స్థానికులకు శిక్షణ ఇవ్వాలి, భద్రత విషయంలో దాపరికం ఉండకూడదు, ప్రత్యేక నైపుణ్యం కావలసినచోట మాత్రం పైనుంచి రప్పించుకోవచ్చు. మరి ఈ మాట 2021లోనే అనుకుని ఉంటే?

రాత్రి ఒంటిగంటకు యంత్రం ఆగితే

గోడలు లేచాక అసలు కష్టం లోపల మొదలయింది. సంస్థ ముందుచూపుతోనే కొన్ని వందలమంది అమెరికన్ ఇంజనీర్లను తైవాన్‌లోని తైనాన్ నగరానికి పంపింది, ఏడాది, ఏడాదిన్నర పని నేర్చుకోవడానికి. అక్కడ సమావేశాలు చైనీస్‌లో, యంత్రాల పక్కన కాగితాలు చైనీస్‌లో. వీళ్ళు ఫోనులో అనువాదాలు చూసుకుంటూ నెట్టుకొచ్చారట. పని పన్నెండు గంటలకు పోయేది. పైఅధికారి పదిమంది ముందూ కేకలు వేయడం తైవాన్‌లో కొందరికి మామూలే. అమెరికన్‌కు అది తలతీసినట్టే. అమెరికన్ "ఈ పని ఎందుకిలా చెయ్యాలి?" అని అడగడం మామూలే, తైవాన్ అధికారికి అది ఎదురుచెప్పినట్టు. ఎవరూ చెడ్డవారు కారు. ఒకరికి మర్యాద అనిపించింది మరొకరికి అమర్యాద. ఈ విషయాలు పత్రికల్లో వచ్చాక, సంస్థ తన అధికారులకు అమెరికాలో ఎలా మాట్లాడాలో పాఠాలు చెప్పించవలసి వచ్చింది.

మోరిస్ చాంగ్ ఈ తేడాను ఒక ఉదాహరణతో చెబుతాడు. రాత్రి ఒంటిగంటకు యంత్రం ఆగిపోతే అమెరికాలో మర్నాడు ఉదయం బాగుచేస్తారు. తైవాన్‌లో రెండు గంటలకల్లా బాగుచేస్తారు. ఫోను మోగితే ఇంజనీరు లేచి వెళతాడు, భార్య ఏమీ అనకుండా మళ్ళీ పడుకుంటుంది అని. మనం చేసిన లెక్క గుర్తు తెచ్చుకుంటే ఇందులోని అర్థం తెలుస్తుంది: ఒక్కొక్కటి కోట్ల డాలర్ల విలువ చేసే యంత్రాలు ఏడెనిమిది గంటలు ఊరికే ఉంటే, మెట్ల మధ్య ఆగిపోయిన వేఫర్లు పాడయితే, నష్టం ఎంతో! 2024 ఏప్రిల్ 3న తైవాన్‌లో పాతికేళ్ళలోకెల్లా పెద్ద భూకంపం వచ్చింది. పది గంటల్లో నూటికి 70కి పైగా యంత్రాలను మళ్ళీ సిద్ధం చేశారు. ఇది చిన్న విషయం కాదు.

ఐనా చాంగ్ గారి ఉదాహరణ విన్నప్పుడల్లా నాకు ఆ లేచి వెళ్ళినవాడూ, ఆ పడుకున్నావిడా గుర్తొస్తారు. నిజంగా ఆమెకు మళ్ళీ నిద్రపట్టిందా? రాత్రి లేచే అలవాటు తైవాన్ మట్టిలో పుట్టలేదు. అక్కడ ఈ ఉద్యోగానికి మిగతావాటికన్నా జీతమెక్కువ, గౌరవమెక్కువ. దేశానికి రక్షణ అదేనన్న నమ్మకం ఉంది. అరిజోనాలోని ఇంజనీరుకు ఇవేవీ లేవు. ఈ ఉద్యోగం మానితే పక్కనే ఇంటెల్ ఉంది. రాత్రి కూడా మనిషి కావాలంటే రాత్రికి వేరే మనిషిని పెట్టాలంటాడతను. అది ఖర్చే, కాని అన్యాయమైన కోరిక కాదు.

తైవాన్ నుంచి వచ్చినవారి పాట్లు కూడా తక్కువేం కాదు. పెళ్ళాం పిల్లలతో ఎడారికి వచ్చి, కొత్త భాష బడిలో పిల్లలను వేసి, తమవారికి అలవాటైన పని వీళ్ళకు ఎలా చెప్పాలో తెలియక నలిగిపోయారు. 2024 నాటికి అక్కడి సుమారు 2,200 మంది ఉద్యోగుల్లో సగంమంది తైవాన్ వారే. ఉత్తర ఫీనిక్స్‌లో వారికోసం తైవాన్ వంటల హోటళ్ళు కూడా వెలిశాయి.

ఎవరు గురువు, ఎవరు శిష్యుడు?

ఇక్కడ మనం 1976కు వెళ్ళాలి. అప్పటికి తైవాన్‌కు చిప్పులు తయారుచేయడం రాదు. చెప్పులు, గొడుగులు, బొమ్మలు చేసి అమ్ముకునే దేశం. అక్కడి ప్రభుత్వ పరిశోధన సంస్థ అమెరికాలోని ఆర్.సి.ఎ. అనే పెద్ద కంపెనీతో ఒప్పందం చేసుకుని, యువ ఇంజనీర్ల జట్లను అక్కడి ఫ్యాక్టరీలకు పంపింది. ఒహాయో రాష్ట్రంలోని ఫిండ్లే అనే ఊరు అందులో ఒకటి. భాష కొత్త, చలి కొత్త, పద్ధతి కొత్త. అమెరికన్ పనివారి పక్కన నిలబడి యంత్రం ఎలా తిప్పాలో ఒక్కొక్కటీ చూసి నేర్చుకున్నారు. తిరిగి వచ్చి 1977లో షించు పట్టణంలో చిన్న ప్రయోగ కర్మాగారం పెట్టారు. కొద్దికాలంలోనే మంచి చిప్పుల శాతంలో గురువుగారి ఫ్యాక్టరీనే మించిపోయారు! ఆ జట్టులో వెళ్ళిన త్సాయ్ మింగ్-కాయ్ తరువాత మీడియాటెక్ సంస్థను స్థాపించాడు. మన దేశంలో అమ్ముడయ్యే ఎన్నో సెల్‌ఫోన్లలో ఆ సంస్థ చిప్పులే ఉంటాయి. మోరిస్ చాంగ్ మాత్రం? ఆయన 1958 నుంచి 1983 దాకా టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో పనిచేసిన మనిషే.

అమెరికాలో నేర్చుకున్న విద్యను దాదాపు యాభై ఏళ్ళ తరువాత అమెరికన్లు తైవాన్ వెళ్ళి తిరిగి నేర్చుకోవలసి వచ్చిందన్నమాట. పుస్తకాలు, పేటెంట్లు అన్నీ అమెరికా గ్రంథాలయాల్లోనే ఉన్నాయి. పోయింది ఏమిటంటే, ఒకరి చేతినుంచి మరొకరి చేతికి అందుతూ ఉండవలసిన అలవాటు.

మరి అరిజోనా సంగతి ఏమయింది? 2024 చివరలో అక్కడ ఉత్పత్తి మొదలయింది. అంతకు కాస్త ముందే, పరీక్షగా చేసిన వేఫర్లలో మంచి చిప్పుల శాతం తైవాన్‌లోని అలాంటి ఫ్యాక్టరీకన్నా నాలుగు పాయింట్లు ఎక్కువగా వచ్చిందని ఆ సంస్థ అమెరికా శాఖ అధిపతి చెప్పినట్లు వార్త వచ్చింది. అమెరికన్ చేతులకు చేతకాదన్నవాళ్ళు ఏమంటారో! ఫీనిక్స్ ప్రాంతపు కళాశాలలు పదిరోజుల పరిచయ తరగతులు పెట్టి కొత్తవారిని ఈ పనికి తయారుచేశాయి. 2025 మార్చిలో సంస్థ తన పెట్టుబడిని మొత్తం 16,500 కోట్ల డాలర్లకు పెంచుతానంది.

ఇదే సంస్థ జపాన్‌లో కుమమోతో దగ్గర కికుయో అనే ఊళ్ళో కూడా ఫ్యాక్టరీ కట్టింది. 2022 ఏప్రిల్‌లో మొదలుపెట్టి, రాత్రింబగళ్ళు జట్లు మార్చుకుంటూ కట్టి, 2024 ఫిబ్రవరిలో ప్రారంభోత్సవం చేశారు. పక్కనే సోనీ వారి చిప్పుల ఫ్యాక్టరీ ఎప్పటినుంచో ఉంది. చేతులు తిరిగినవారు, సరుకు సరఫరా చేసేవారు సిద్ధంగా ఉన్నారు. పైగా అరిజోనాలో కన్నా పాతరకం చిప్పులు, అంటే మెట్లు తక్కువ. అక్కడా చిక్కులు లేకపోలేదు. ఆ చిన్న ఊళ్ళో మోటార్లు బారులు తీరి, పది పదిహేను నిమిషాల దారి గంటసేపు పడుతోందని వెయ్ గారే 2025లో వాపోయాడు.

మన దేశంలో గుజరాత్‌లోని ధొలేరాలో టాటా సంస్థ, తైవాన్‌కు చెందిన పవర్‌చిప్ సంస్థ సాయంతో 91,000 కోట్ల రూపాయల ఖర్చుతో చిప్పుల ఫ్యాక్టరీ కడుతోంది. 2024 మార్చి 13న శంకుస్థాపన జరిగింది. నెలకు 50,000 వేఫర్లు తీయాలని సంకల్పం. మన ఇంజనీర్లు కొందరు తైవాన్‌కు శిక్షణకు వెళ్ళారు. ఆంధ్రప్రదేశ్‌లో దక్షిణ కొరియా సంస్థ సాయంతో, తయారైన చిప్పులకు పైతొడుగు వేసే కర్మాగారానికి 2025 ఆగస్టులో కేంద్రం ఆమోదం తెలిపింది. అక్కడ పైపులు అతికేవారికి, యంత్రం చప్పుడు వినేవారికి ఎవరు నేర్పుతారు, ఏ భాషలో నేర్పుతారు, రాత్రి ఒంటిగంటకు ఫోను మోగితే ఎవరు వెళతారు – ఈ ప్రశ్నలు అక్కడా వస్తాయి.

చేసి చూడండి: ఈసారి అరిసెలు వండేనాడు అమ్మమ్మనో, అమ్మనో అడిగి పాకం పట్టే పద్ధతి పూర్తిగా రాసుకోండి. దాన్ని ఎన్నడూ అరిసెలు వండని ఇంట్లోవారికి ఎవరికైనా ఇచ్చి, ఒక్కమాట కూడా సాయం చెప్పకుండా పాకం పట్టమనండి. వాళ్ళు ఎక్కడెక్కడ ఆగిపోయి మీ మొహం చూశారో లెక్కపెట్టండి. పొయ్యి దగ్గర పెద్దవాళ్ళు ఉండాలి సుమా, పాకం మీద పడితే బొబ్బలెక్కుతుంది.